2019 నాటి గ్రహణం కళ్లద్దాలు మళ్లీ వాడవచ్చా? బడి పిల్లల కోసం

చంద్రగిరి_టీచర్
2027 ఆగస్టు 2, సోమవారం. సాయంత్రం నాలుగు దాటాక సూర్యగ్రహణం. మనకు పాక్షికమే. మా బడిలో అప్పుడే రెండు పక్షాలు తయారయ్యాయి. పిల్లల్ని గదుల్లో కూర్చోబెట్టి, తలుపులు మూసి, గ్రహణం విడిచాక ఇళ్లకు పంపాలని ఒక పక్షం. పిల్లలకు గ్రహణం చూపించాలనే రెండో పక్షంలో నేనొక్కదాన్నే.

2019 డిసెంబరు 26 గ్రహణానికి కొన్న అట్ట కళ్లద్దాలు బీరువాలో ఉన్నాయి. వాటి మీద మూడేళ్లలో వాడాలని అచ్చు వేసి ఉంది. పారేయాలా, వాడవచ్చా? కొత్తవి కొంటే అసలుదేదో, నకిలీదేదో ఎలా తెలుస్తుంది?

ఇంకొక సంగతి. తలుపులు మూసిన గదిలో పిల్లలు ఏం చేస్తారో మా పెద్దలకు తెలియదు. కిటికీ రెక్కల సందులోంచి వంతుల వారీగా ఉత్త కళ్లతో చూస్తారు. పోయినసారి నేను పట్టుకున్నది అదే.

గోవిందరాజుల_వీధి
కొండ మీద గుడే మూసేస్తారు. మీకెందుకమ్మా ఈ తంటా? ఆ గంటన్నర ఇంట్లో కూర్చుంటే పోయేదేముంది?

కాళహస్తి_కుర్రాడు
మా ఊళ్లో గుడి తెరిచే ఉంటుంది అన్నా. గ్రహణం రోజునే రద్దీ ఎక్కువ. తిరుమలలో తలుపులు వేస్తే మా దగ్గర క్యూలు పెరుగుతాయి. ఏ గుడిని చూసి నిర్ణయించుకోమంటారు?

గోవిందరాజుల_వీధి
రాహుకేతువుల క్షేత్రం సంగతి వేరు. వాదన కోసం వాదించకు.

నేత్ర_సహాయకురాలు
కంటి ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేసే ఉద్యోగం నాది. గుడి మాట పక్కన పెట్టి టీచర్ గారి ప్రశ్నకు వస్తాను.

మూడేళ్ల గడువు పాత జాగ్రత్త. సూర్యుణ్ణి చూసే ఫిల్టర్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-2కు సరిపోయే ఫిల్టరు గీతలు, చిల్లులు, మడతలు లేకుండా ఉంటే ఎన్నేళ్లయినా వాడవచ్చు. గడువు కన్నా బీరువాలో అది ఎలా ఉన్నదన్నదే ముఖ్యం. పిల్లలు మడిచి జేబులో పెట్టుకున్నవైతే ఫిల్టరు అట్టకు అతికించిన అంచు దగ్గర ఊడుతుంది. చీకటి గదిలో ఫోను టార్చి వెలిగించి, ఒక్కొక్క దాన్నీ దాని ముందు పెట్టి చూడండి. సూదిమొన అంత వెలుగు చుక్క ఎక్కడ కనిపించినా కత్తెరతో రెండు ముక్కలు చేయండి. ఊరికే చెత్తబుట్టలో వేస్తే ఇంకొక పిల్లవాడు తీసుకుంటాడు.

నకిలీ సంగతి. అచ్చు వేసిన నంబరును నమ్మలేం, ఎవరైనా వేయించుకోవచ్చు. కళ్లకు పెట్టుకుని ఇంట్లో అటూ ఇటూ చూడండి. ట్యూబులైటు, కిటికీ, ఎదుటి మనిషి ముఖం, ఏదైనా స్పష్టంగా కనిపించిందా, అది పనికిరాదు. మంచి ఫిల్టరులోంచి సూర్యుడు తప్ప దాదాపు ఏమీ కనిపించదు. ఈ పరీక్షలో గెలిచినంత మాత్రాన మంచిదేనని కాదు, ఓడితే మాత్రం చెడ్డదని ఖాయం. అందుకే తెలిసిన చోట కొనండి. సైన్సు పరికరాలు అమ్మేవాళ్ల దగ్గర కొనండి, ఆ రోజు పొద్దున ఫుట్‌పాత్ మీద వెలిసిన బల్ల దగ్గర కాదు.

పుత్తూరు_పద్మ
మా ఇంట్లో ఎక్స్‌రే ఫిల్ములు కట్టలుగా ఉన్నాయి, పుత్తూరు వాళ్లం కదా, ఎముకల కట్టు మా ఊరి పేరే. వాటితో చూడవచ్చా?

నేత్ర_సహాయకురాలు
వద్దమ్మా. ఇప్పుడు ఇచ్చేవి చాలావరకు నీలిరంగు ప్లాస్టిక్ షీటు మీద అచ్చు వేసినవి. నల్లగా ఉన్నచోట కంటికి చల్లగా అనిపిస్తుంది, కంటికి కనబడని కిరణాలు వస్తూనే ఉంటాయి. పైగా ఎముక బొమ్మ ఉన్నచోట తెల్లగా ఉంటుంది, పిల్లవాడు అక్కడినుంచే చూస్తాడు.

అలిపిరి_మెట్లు
మోకాలి ఎముకలోంచి సూర్యదర్శనం.

మంగళం_మాస్టారు
మా చిన్నప్పుడు పళ్లెంలో నీళ్లు పోసి పసుపు కలిపి అందులో నీడ చూసేవాళ్లం. కొందరు పేడనీళ్లు కలిపేవారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆకాశం_పిచ్చి
ఏమీ కాలేదని ఎవరు పరీక్షించారు మాస్టారూ? సూర్యుడు నడినెత్తిన ఉంటే నీళ్లు నూటికి రెండు వంతుల వెలుగు తిప్పికొడతాయి. వాలినకొద్దీ ఇంకా ఎక్కువ. ఈ గ్రహణం సాయంత్రం, సూర్యుడు వాలే ఉంటాడు. మంచి ఫిల్టరు లోపలికి వదిలేది లక్షకు మూడు వంతుల వెలుగు, లేదా అంతకన్నా తక్కువ. నూటికి రెండు ఎక్కడ, లక్షకు మూడు ఎక్కడ. పసుపు కలిపినా పైపొర మీద మెరుపు అలాగే ఉంటుంది.

మంగళం_మాస్టారు
లెక్క బాగుంది. కానీ మేమెవరమూ నీళ్లలోకి రెప్ప వేయకుండా చూడలేదు, చూసి తల తిప్పుకునేవాళ్లం. అందుకే బయటపడ్డామేమో.

రేణిగుంట_వెల్డర్
ఇరవై ఏళ్లుగా ఇదే పని కాబట్టి చెబుతున్నాను. గ్రహణం ముందురోజు మా షెడ్డుకు జనం వస్తారు, "అన్నా, ఒక నల్లద్దం ఇవ్వు" అని. ఇవ్వను. ఎందుకంటే మేము మామూలుగా వాడే అద్దం 10 లేదా 11 నంబరు. సూర్యుడికి అది చాలదు. కనీసం 12 కావాలి, 14 అయితే మంచిది. నంబరు అద్దం మూలన చెక్కి ఉంటుంది, వేలితో తడిమినా తగులుతుంది. నంబరు లేని అద్దాన్ని నేను వెల్డింగుకే వాడను, ఇక సూర్యుడికా. గ్యాసు వెల్డింగుకు పెట్టుకునే గుండ్రటి కళ్లజోడు ఇంకా పలుచన, దాన్ని ముట్టుకోవద్దు. దానంతట అదే నల్లబడే కొత్తరకం హెల్మెట్టు కూడా వద్దు.

14 నంబరు అద్దంలో సూర్యుడు ఆకుపచ్చగా, చిన్న బిళ్లంత కనిపిస్తాడు. చూడటానికి హాయి.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్లు అద్దం లేకుండా రెండు టాకాలు వేస్తారు. అప్పుడేమీ ఉండదు. రాత్రి పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, తెరవలేరు. బంగాళాదుంప ముక్కలు పెట్టుకుని తెల్లవార్లూ ఏడుస్తారు. రెండు రోజుల్లో తగ్గిపోతుంది. అందుకే మా వాళ్లలో ఒక ధీమా ఉంది, "మంట వస్తే కదా దెబ్బ, వచ్చినా పోతుంది" అని. సూర్యుడి విషయంలో కూడా అంతేనా? నేత్ర సహాయకురాలు గారు చెప్పాలి.

నేత్ర_సహాయకురాలు
అన్నా, మంచి చోట పట్టుకున్నారు. రెండూ వేరు.

వెల్డింగు దెబ్బ కంటి పైపొరకు, అంటే కార్నియాకు తగులుతుంది. అక్కడ నరాలు కిక్కిరిసి ఉంటాయి, అందుకే అంత మంట. ఆ పొర మళ్లీ పెరుగుతుంది, అందుకే తగ్గుతుంది. సూర్యుణ్ణి తేరిపార చూసినప్పుడు దెబ్బ వెనకాల రెటీనాకు, అందులోనూ సరిగ్గా నడిమి చుక్కకు. చదవడానికీ ముఖాలు గుర్తుపట్టడానికీ మనం వాడేది ఆ చుక్కనే. రెటీనాకు నొప్పి తెలియదు. కాలుతున్నా కన్ను చెప్పదు. నిజానికి ఇది కాలడం కూడా కాదు, చాలావరకు నీలి వెలుగు వల్ల లోపల జరిగే రసాయన నష్టం. అందుకే కొన్ని గంటలు పట్టి బయటపడుతుంది. సాయంత్రం చూసినవాడు మరునాడు పొద్దున పేపరు తీసినప్పుడు నడిమి అక్షరాలు మసకగా ఉన్నాయంటాడు. తిన్నటి గీత వంకరగా కనిపిస్తుంది.

మందు ఉందా? నిరూపితమైన మందు లేదు. చాలామందికి కొన్ని నెలల్లో చూపు చాలావరకు తిరిగి వస్తుంది, కొందరికి మచ్చ మిగిలిపోతుంది. ఎవరికి మిగులుతుందో ముందే చెప్పలేం. పెద్దవాళ్ల కంటి కటకం కొంచెం పసుపు పట్టి కొంత వెలుగును అడ్డుకుంటుంది. పిల్లల కటకం తేటగా ఉంటుంది, అంతా లోపలికి పోతుంది. టీచర్ గారి భయం నిజమైనదే.

పాకాల_ప్యాసింజరు
మా మేనమామ దర్జీ. 1980 ఫిబ్రవరి 16 గ్రహణాన్ని మసి పట్టించిన గాజుముక్కతో చూశారు. చిమ్నీ మసి. ఇప్పుడాయన సూదిలోకి దారం ఎక్కించాలంటే ముఖం ఎడమకు తిప్పి కంటి కొసతో చూస్తారు. తిన్నగా చూస్తే సూదీ దారపు కొసా కలిసే చోటే మబ్బు. బస్సు బోర్డు మీద ఊరి పేరులో మొదటి అక్షరం, చివరి అక్షరం ఉంటాయట, నడిమిది ఉండదట. "మొదట 'పు', చివర 'రు' ఉన్నాయి, పుత్తూరో పుంగనూరో నువ్వే చెప్పు" అంటారు.

మంగళం_మాస్టారు
ఆ వయసులో షుగరు వల్లా, ముసలితనం వల్లా కూడా అలాగే అవుతుంది. ప్రతిదీ గ్రహణం మీదికి తోయకూడదు.

నేత్ర_సహాయకురాలు
మాస్టారి మాటలో నిజం ఉంది. ఓసీటీ స్కాన్ తీస్తే రెటీనా పొరలు విడివిడిగా కనబడతాయి, ఏది దేనివల్లో డాక్టరు చెప్పగలరు. ఒక్కసారి తీయించండి.

పాకాల_ప్యాసింజరు
తీయించమంటే "గ్రహణానికి బిల్లు నేనెందుకు కట్టాలి" అంటారు. ఆయనకు షుగరు లేదు మాస్టారూ, మచ్చ ఆ వారం నుంచే ఉంది.

అలిపిరి_మెట్లు
1980లో మన తెలంగాణ వైపు సంపూర్ణ గ్రహణం కదా. జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీకి శాస్త్రవేత్తలు చాలామంది వచ్చారని మా నాన్న చెప్పేవారు. మన ఊళ్లో మాత్రం జనం వీధుల్లో లేరట.

ఆకాశం_పిచ్చి
అవును. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడు పూర్తిగా మూసిన ఆ కొద్ది నిమిషాలు మాత్రమే ఉత్త కళ్లతో చూడవచ్చు. 2027లో ఆ భాగ్యం ఈజిప్టుకు, లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైనే. మనకు ఆ రోజు ఒక్క క్షణం కూడా అద్దం తీయకూడదు. సూర్యుడి మీద కొంత భాగమే మూసుకుంటుంది, మిగిలిన భాగం ఎప్పటిలాగే మండుతూ ఉంటుంది. సగం మూసినంత మాత్రాన మిగిలిన సగం చల్లబడదు. ఈ ఒక్క మాట అర్థమైతే చాలు.

గోవిందరాజుల_వీధి
చూశారా, చివరికి మీరూ చూడవద్దనే అంటున్నారు. పెద్దవాళ్లు అన్నదీ అదే.

ఆకాశం_పిచ్చి
ఉత్త కళ్లతో చూడవద్దంటున్నాను. పెద్దవాళ్లు గ్రహణం రోజు ఒక్కరోజు చూడవద్దన్నారు, మిగిలిన రోజుల్లో సూర్యుడు మెత్తబడతాడా?

తిరుచానూరు_తులసి
అదే అడగాలనుకున్నాను. మా తాతగారు రోజూ అర్ఘ్యం ఇస్తూ, నీటి ధారలోంచి సూర్యుణ్ణే చూస్తారు. రథసప్తమి నాడు కొండ మీద సూర్యప్రభ వాహనం ముందు వేలమంది ఉదయించే సూర్యుడి వైపే చూస్తారు. అదీ తప్పేనా?

నేత్ర_సహాయకురాలు
ఉదయించే ఎర్రటి సూర్యుణ్ణి ఒక్కసారి చూసి నమస్కరించడానికీ, నిమిషాల తరబడి రెప్ప వేయకుండా చూడటానికీ తేడా ఉందమ్మా. కొండల వెనక నుంచి సూర్యుడు పైకి వచ్చేసరికి ఎరుపు పోయి ఉంటుంది, అదొకటి. నీటి ధార ఏమీ ఆపదు. సూర్యుణ్ణే చూస్తూ జపమో త్రాటకమో చేసేవారిలో ఇదే దెబ్బ గ్రహణం లేని రోజుల్లోనూ కనిపిస్తుంది, వైద్య పుస్తకాల్లో ఉన్న విషయమే. తాతగారిని అర్ఘ్యం ఇచ్చే వేళ చూపు నీటి ధార పడేచోట నిలపమనండి. పూజకు లోటు రాదు.

సూళ్లూరుపేట_సముద్రం
గ్రహణం దాకా ఎందుకు, తిరుపతి వాళ్లు రాకెట్టు కోసం మేడలెక్కి చూసేది మా దిక్కుకే కదా, తూర్పుకు. పొద్దున ప్రయోగమైతే సూర్యుడూ అటే. 2024 జనవరి 1న 9.10కి పీఎస్ఎల్వీ వెళ్లినప్పుడు మా బంధువులు తిరుపతి మేడ మీద నుంచి వీడియో కాల్‌లో "ఎక్కడ, ఎక్కడ" అంటూ ఎండలోకే చూస్తున్నారు. చేయి అడ్డం పెట్టి సూర్యుణ్ణి మూసి, పక్కన పొగ గీత కోసం వెతకండి అంటే వినరు.

కాళహస్తి_కుర్రాడు
ఆ సూర్యుణ్ణి చూడటానికే మీ ఊరి నుంచి ఆదిత్య ఎల్1ను పంపారు, 2023 సెప్టెంబరు 2న. దానికి కళ్లద్దాలు ఎవరు పెట్టారు?

సూళ్లూరుపేట_సముద్రం
నవ్వులాటకు అన్నావు కానీ పెట్టారు తమ్ముడూ. అందులో సూర్యుడి బయటి పొర కరోనాను చూసే పరికరంలో సూర్యబింబాన్ని మూసేసే ఏర్పాటు ఉంది, అంటే రోజూ గ్రహణమే. ఇంకో పరికరానికి ముందే ఫిల్టరు.

చంద్రగిరి_టీచర్
టార్చి పరీక్ష చేశాను. చాలావాటికి అంచుల దగ్గర చుక్కలు కనిపించాయి, కత్తిరించేశాను. మిగిలినవి తరగతికి చాలవు. వెల్డర్ అన్నా, 14 నంబరు అద్దం తిరుపతిలో దొరుకుతుందా?

రేణిగుంట_వెల్డర్
అడిగితే తెప్పిస్తారమ్మా, అందరి దగ్గరా ఉండదు. అందరూ గ్రహణం వారంలో అడుగుతారు, ముందే చెప్పిపెట్టండి. రెండు 10 నంబరు అద్దాలు జోడించి ఇస్తామంటే తీసుకోకండి, పక్కల నుంచి వెలుగు దూరుతుంది. పిల్లలకిచ్చేటప్పుడు అద్దాన్ని ముఖమంత అట్టలో బిగించండి. ఉత్త అద్దమైతే పక్కనుంచి రెండో కన్ను తెరుస్తారు.

ఆకాశం_పిచ్చి
టీచర్ గారూ, తరగతికంతా కళ్లద్దాలు అక్కరలేని దారి ఉంది. మీ బడిలో పిల్లల్ని గదిలో ఉంచాలన్నారు కదా? ఉంచండి. సూర్యుణ్ణే గదిలోకి తెద్దాం.

చేతి అద్దం ఒకటి తీసుకోండి. దాన్ని అట్టముక్కతో మూసి, అట్టకు నడిమిన చిటికెన వేలి గోరంత చిల్లు చేయండి. బయట ఎండలో స్టూలు మీద ఇసుక డబ్బాలో గుచ్చి నిలబెట్టి, వెలుగును తలుపులోంచి లోపలి గోడ మీదికి మళ్లించండి. గోడ మీద తెల్ల కాగితం. అద్దానికీ గోడకూ దూరం కనీసం పది మీటర్లు, అప్పుడు గోడ మీద సుమారు తొమ్మిది, పది సెంటీమీటర్ల సూర్యుడు పడతాడు. దూరాన్ని నూటతొమ్మిదితో భాగిస్తే బింబం సైజు. చిల్లు ఏ ఆకారంలో ఉన్నా బింబం గుండ్రమే. గ్రహణం పట్టగానే ఆ గుండ్రానికి ఒక పక్క కొరుకుడు పడటం తరగతంతా ఒకేసారి చూస్తుంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మళ్లించడం తేలిక. సూర్యుడు కదులుతుంటాడు, కొద్ది నిమిషాలకోసారి అద్దం సర్దడానికి ఒకరుండాలి.

ఒక్కటే నిబంధన. ఎవరూ ఆ అద్దంలోకి చూడకూడదు. న్యూటన్ కుర్రతనంలో అద్దంలో సూర్యుడి ప్రతిబింబాన్ని చూసి, ఆ మచ్చ పోక మూడు రోజులు చీకటి గదిలో కూర్చున్నాడు. అద్దం దగ్గర ఒక టీచర్ తప్పనిసరి.

పుత్తూరు_పద్మ
ఇంత హంగామా ఎందుకు, చిల్లుల గరిటె చాలదా? పోయినసారి మా పాప బూందీ గరిటె ఎండలో పట్టుకుంటే నేల మీద ఎన్ని చిల్లులో అన్ని నెలవంకలు. చెట్టు కింద నీడలో కూడా అవే.

ఆకాశం_పిచ్చి
చాలక్కా, అది ఇంకా తేలిక. సూర్యుడికి వీపు పెట్టి గరిటె నీడను చూడాలి, చిల్లుల్లోంచి సూర్యుణ్ణి చూడకూడదు. సూదిబెజ్జం కెమెరా పాఠం చదివినవాళ్లు కూడా అక్కడే తికమక పడతారు.

అలిపిరి_మెట్లు
లడ్డూ పోటులో ఎన్ని గరిటెలుంటాయో ఊహించండి. ఊరు ఊరంతా చూడవచ్చు.

మంగళం_మాస్టారు
గ్రహణం పూట రోకలి నిలబడుతుంది, దాన్ని మరిచారు.

రేణిగుంట_వెల్డర్
అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది మాస్టారూ. మా షెడ్డులో ఇనప రోకలి ఉంది, శుక్రవారాలు కూడా నిలబడుతుంది.

తిరుచానూరు_తులసి
మా తమ్ముడి దగ్గర బైనాక్యులర్ ఉంది. అట్ట కళ్లద్దాలు పెట్టుకుని అందులోంచి చూస్తానంటున్నాడు.

నేత్ర_సహాయకురాలు
వద్దు వద్దు, ఆపండి. బైనాక్యులర్ పోగుచేసిన వెలుగు ఆ పలుచని ఫిల్టరును క్షణాల్లో పాడుచేసి కంట్లోకి వెళుతుంది. ఫిల్టరు సూర్యుడి వైపున్న పెద్ద గాజుల ముందు ఉండాలి, కంటి వైపు కాదు. టెలిస్కోపుకైనా అంతే. చూపుకు కళ్లజోడు ఉన్నవాళ్లు మాత్రం దాని మీదుగా అట్ట కళ్లద్దాలు పట్టుకోవచ్చు.

కాళహస్తి_కుర్రాడు
ఫోనుతో ఫోటో తీయవచ్చా?

ఆకాశం_పిచ్చి
కెమెరా గాజు ముందు అదే ఫిల్టరు అడ్డం పెట్టి తీయి. లేకపోతే తెల్లటి ముద్ద వస్తుంది, ఎక్కువసేపు గురిపెడితే కెమెరా చెడిపోవచ్చు. తెర మీద సూర్యుణ్ణి చూస్తే కంటికేమీ కాదు కానీ, గురి కుదరడం కోసం ఫోను పక్కనుంచి తొంగి చూస్తారు, అక్కడ వస్తుంది చిక్కు.

చంద్రగిరి_టీచర్
హెడ్మాస్టారు గారికి అద్దం సంగతి చెప్పాను. "పిల్లలు గదిలోనే ఉంటారా? తలుపు ఎంత మేర తెరవాలి?" అని అడిగారు. అర అడుగు చాలన్నాను. ఒప్పుకున్నారు, అద్దం దగ్గర తానే కూర్చుంటానన్నారు. ఇప్పుడు చిక్కు ఇంకొకటి. మా గదుల తలుపులన్నీ తూర్పు ముఖం.

ఆకాశం_పిచ్చి
అయితే అద్దాన్ని తూర్పున, బడి నీడ పడని చోట, మైదానంలో పెట్టండి. సాయంత్రానికి నీడ పొడుగవుతుంది, ఎంత దూరం జరపాలో ముందురోజు అదే వేళకు చూసుకోండి. దూరం పెరిగితే బింబమూ పెద్దదవుతుంది, కాస్త మసకబారుతుంది. గది చీకటిగా ఉంటే సరిపోతుంది.

గోవిందరాజుల_వీధి
ఆగస్టు కదా. మబ్బు పడితే?

ఆకాశం_పిచ్చి
మబ్బు పడితే ఫోనులో లక్సర్‌ది చూసుకోవాలి. పలుచటి మబ్బులోంచి సూర్యుడు తెల్లటి బిళ్లలా కనిపించినా కళ్లద్దాలు తీయకూడదు.

గోవిందరాజుల_వీధి
సరే. నాకూ ఒకటి తెప్పించండి వెల్డర్ గారూ, 14 నంబరుది. స్నానం ఎలాగూ విడుపు తరువాతే.

రేణిగుంట_వెల్డర్
రాసుకున్నాను. ఇంకెవరికైనా కావాలంటే ఈ వారంలోనే చెప్పండి, ఆర్డరు ఒకేసారి పెడతాను.